కాశీలో నాన్నకు ఒంట్లో బాగోకపోతే అంబులెన్స్ ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మాది హన్మకొండ. మా బాపుకు 72 ఏళ్లు, మూడేళ్ల కింద గుండెకు స్టెంట్ వేసిన్రు. అమ్మకు 66, షుగర్ ఉంది. వచ్చే నెల మా వాడకట్టు వాళ్లతో కలిసి రైల్లో కాశీ, ప్రయాగ, గయ పన్నెండు రోజుల యాత్రకు పోతున్నరు. నాకు వెంట పోయే వీలు లేదు. ఇద్దరికీ కలిపి 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. అందులో "అంబులెన్స్ 2,000" అని రాసి ఉంది. రైలు టికెట్‌తో పాటు 45 పైసల ఇన్సూరెన్స్ కూడా తీసుకున్న. నిరుడు మా వాడలో ఒకాయన గయలో పడిపోతే అంబులెన్స్‌లో ఇంటికి తెచ్చుకునేసరికి లక్ష దాటిందట. మాకు అట్లాంటిదే వస్తే పాలసీ ఇస్తదా? ఇంకేమన్న తీసుకోవాల్నా? (ఒక పాఠకురాలు)

సమాధానం: మీ పాలసీలో రాసి ఉన్న 2,000 రూపాయలు మీ బాపును ఆస్పత్రికి చేర్చడానికి. ఇంటికి చేర్చడానికి కాదు. మీ వాడకట్టు వాళ్లకు లక్ష దాటింది ఈ రెండో ప్రయాణానికే. ఆస్పత్రికి చేరడానికి చేతి డబ్బు దాదాపు అక్కర్లేదు. వేరే రాష్ట్రం నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి మామూలు హెల్త్ పాలసీ ఒక్క రూపాయీ ఇవ్వదు. ఈ రెంటినీ కలిపి ఆలోచిస్తేనే కంగారులో తప్పుడు నిర్ణయాలు జరుగుతాయి.

ముందు ఆస్పత్రికి చేరే సంగతి. కాశీ, ప్రయాగ ఉత్తరప్రదేశ్‌లో ఉన్నాయి. అక్కడ మనలాగే 108 ఉంది, ఉచితం. గయ బిహార్‌లో ఉంది, అక్కడ ప్రభుత్వ అంబులెన్స్ నంబరు 102. ఏ రాష్ట్రమో, ఏ నంబరో తోచనప్పుడు 112 నొక్కితే చాలు. రైల్లో ఉండగా అయితే 139, లేదా బోగీలోని టీటీఈకి చెప్పాలి. రాబోయే పెద్ద స్టేషన్‌కు కబురు వెళ్లి అక్కడ డాక్టరు ఎక్కుతారు. బస్సులోనో కారులోనో జాతీయ రహదారి మీద ఉంటే 1033. మన సిమ్ కార్డు నుంచి చేస్తే కాల్ వరంగల్‌కు పోతుందేమోనని చాలామందికి అనుమానం. పోదు. ఫోన్ ఏ ఊరి టవర్ కింద ఉంటే ఆ రాష్ట్రపు కాల్ సెంటర్‌కే వెళ్తుంది. అంటే మీరు హన్మకొండ నుంచి 108 చేస్తే లాభం లేదు, అక్కడున్నవాళ్లే చేయాలి. ఈ ఒక్క మాట మీ అమ్మకు, వెంట వెళ్లేవాళ్లలో కనీసం మరొకరికి గట్టిగా చెప్పి పంపండి.

అవతల ఫోన్ ఎత్తేవాళ్లు హిందీలో మాట్లాడతారు. మూడు ముక్కలు కాగితం మీద తెలుగు లిపిలో రాసివ్వండి: "సీనే మే దర్ద్ హై" (ఛాతీలో నొప్పి), "సాంస్ నహీ ఆ రహీ" (ఊపిరి ఆడటం లేదు), "బేహోష్ హై" (స్పృహ లేదు). ఆ తర్వాత చెప్పాల్సింది చోటు. కాశీలో చిక్కు ఇక్కడే. తెలుగువాళ్లు ఎక్కువగా దిగే పాండే హవేలీ, మానససరోవర్ ఘాట్ చుట్టుపక్కల గల్లీల్లోకి అంబులెన్స్ రాదు. ఘాట్ మెట్ల దాకా అసలే రాదు. కాబట్టి సత్రం పేరు చెప్పి ఊరుకుంటే డ్రైవరు మెయిన్ రోడ్డు మీద వెతుక్కుంటూ ఉంటాడు, వీళ్లు గదిలో ఎదురుచూస్తూ ఉంటారు. గల్లీ ఎక్కడ సోనార్‌పురా రోడ్డులో కలుస్తుందో అక్కడి దుకాణం పేరో గుడి పేరో చెప్పాలి, ఒక మనిషిని అక్కడ నిలబెట్టాలి, రోగిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుని రోడ్డెక్కించాలి. గుండె నొప్పి వచ్చిన మనిషిని నడిపించకూడదు. దిగిన రోజే మీ అమ్మగారు సత్రం మేనేజర్‌ను ఆ మలుపు ఎక్కడో అడిగి రాసుకుంటే సరిపోతుంది. అక్కడి నుంచి బీహెచ్‌యూ ఆవరణలోని సర్ సుందర్‌లాల్ ఆస్పత్రికి మూడు నాలుగు కిలోమీటర్లే.

108 సాధారణంగా దగ్గరున్న ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్తుంది. స్టెంట్ ఉన్న మనిషికి ఛాతీనొప్పి వస్తే కావాల్సింది యాంజియోగ్రామ్ చేసే క్యాత్ ల్యాబ్ ఉన్న ఆస్పత్రి. "దిల్ మే స్టెంట్ లగా హై" అని ఫోన్‌లోనే చెప్పాలి. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే అది పక్షవాతం. అప్పుడు సీటీ స్కాన్ ఉన్న చోటికే వెళ్లాలి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి కాబట్టి లక్షణం ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు పాలసీ ఇచ్చే 2,000 సంగతి. 'ఆరోగ్య సంజీవని' అనే ప్రామాణిక పాలసీలో ఒక్కో ఆస్పత్రి చేరికకు రోడ్డు అంబులెన్స్ పరిమితి 2,000 రూపాయలు. మీది కూడా ఆ తరహాదే. ప్రైవేటు అంబులెన్స్ పిలిస్తే ఈ డబ్బు వస్తుంది, కానీ కొన్ని షరతులున్నాయి. రోగి ఆ ఆస్పత్రిలో అడ్మిట్ కావాలి, ఆ అడ్మిషన్ క్లెయిమ్ ఆమోదం పొందాలి. క్యాజువాలిటీలో నాలుగు గంటలు ఉంచి ఈసీజీ తీసి పంపేస్తే ఆస్పత్రి క్లెయిమే ఉండదు, అంబులెన్స్ డబ్బూ రాదు. బిల్లు రిజిస్టరైన అంబులెన్స్ సంస్థది కావాలి. అందులో రోగి పేరు, బండి నంబరు, తేదీ, సమయం, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది ఉండాలి. డ్రైవరు చిన్న చీటీ మీద అంకె రాసిస్తే కంపెనీ దాన్ని పక్కన పెడుతుంది. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి మార్చినా ఖర్చు ఇస్తారు, కానీ "ఇక్కడ ఈ వైద్యం లేదు, పై ఆస్పత్రికి పంపుతున్నాం" అని మొదటి ఆస్పత్రి డాక్టరు కాగితం రాయాలి. "కుటుంబం కోరికపై పంపుతున్నాం" అని రాస్తే క్లెయిమ్ అక్కడితో పోతుంది. డిశ్చార్జి కాగితం చేతికొచ్చినప్పుడు ఈ వాక్యం ఎలా ఉందో చదవండి. సంతకం కాకముందే సరిచేయించుకోవడం తేలిక, తర్వాత కష్టం.

ఎయిర్ అంబులెన్స్ కవర్ ఉన్న పాలసీలు కూడా ఇంటికి తెస్తాయని అనుకోకండి. వాటిలో ఎక్కువ భాగం ఘటన జరిగిన చోటి నుంచి తగిన వైద్యం దొరికే దగ్గరి ఆస్పత్రి వరకే, అదీ డాక్టరు తప్పనిసరి అని రాసిస్తేనే, చాలావాటిలో కంపెనీ ముందస్తు అనుమతి ఉంటేనే. కాశీలోనే గుండెకు వైద్యం దొరుకుతుంది కనుక హన్మకొండకో హైదరాబాద్‌కో విమానంలో తేవడం "తప్పనిసరి" కిందికి రాదు.

ఇక ఇంటికి తెచ్చే ప్రయాణం. కాశీ నుంచి హన్మకొండకు రీవా, జబల్‌పూర్, నాగ్‌పూర్ మీదుగా వెయ్యి నూరు కిలోమీటర్లకు పైమాటే. ఆగకుండా వచ్చినా ఒక పగలు, ఒక రాత్రి. ప్రైవేటు వాళ్లు కిలోమీటరు లెక్క చెబుతారు, తిరుగు ప్రయాణం ఖాళీగా వెళ్లాలి కాబట్టి రెండు వైపులా కడతారు. ఉదాహరణకు కిలోమీటరుకు 30 రూపాయలు చెప్పారనుకోండి. మీకు వినబడేది 30, అయ్యేది 2,200 కిలోమీటర్లకు 66,000. దాని మీద రెండో డ్రైవరు, వెంట వచ్చే టెక్నీషియనో నర్సో రెండు రోజుల కూలి, ఆక్సిజన్, భోజనాలు, రాత్రి బత్తా. వెంటిలేటర్ బండి అయితే కిలోమీటరు ధరే వేరు. లక్ష ఇలా దాటుతుంది. అందుకే ధర అడిగేటప్పుడు "కిలోమీటరుకు ఎంత" అని కాదు, "మా ఇంటి గుమ్మం దాకా, అన్నీ కలిపి ఎంత" అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోవాలి. సగం ముందు, సగం ఇంటి దగ్గర.

ఆ బిల్లులో రెండు పద్దులు అసలు ఉండకూడదు. ఒకటి టోల్. జాతీయ రహదారుల మీద అంబులెన్సుకు టోల్ లేదు, శవాన్ని తీసుకెళ్లే వాహనానికీ లేదు. రెండోది జీఎస్టీ. రోగిని అంబులెన్సులో తరలించే సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది. వెయ్యి కిలోమీటర్ల దారిలో టోల్ పేరుతో వేలల్లో కలిపినా కంగారులో ఉన్నవాళ్లు గమనించరు.

బండి రకం కూడా ధరను మారుస్తుంది. మన దేశంలో రోడ్డు అంబులెన్సులను నాలుగు తరగతులుగా విభజించారు. 'ఏ' అంటే ముందుగా చేరుకునే బైకు లాంటివి, 'బీ' అంటే పడుకోబెట్టి తీసుకెళ్లే మామూలు బండి, 'సీ' అంటే ప్రాథమిక ప్రాణరక్షణ ఉన్నది (బీఎల్‌ఎస్), 'డీ' అంటే వెంటిలేటర్, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, మానిటర్ ఉన్నది (ఏఎల్‌ఎస్). 'బీ' బండికి సైరన్ తగిలించి 'డీ' ధర చెప్పేవాళ్లున్నారు. ఏ తరగతి కావాలో ఆస్పత్రి డాక్టరు చేత రాయించుకుని, పరికరాలు పనిచేస్తున్నట్టు వీడియో పంపమనండి. బండి నంబరును ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొడితే అది అంబులెన్స్ కింద రిజిస్టరైందో లేదో, ఫిట్‌నెస్ ఉందో లేదో కనబడుతుంది.

దూరప్రయాణాల్లో ఎక్కువగా తప్పేది ఆక్సిజన్ లెక్క. బండిలో ఉండే మధ్యరకం 'బీ' సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది. జంబో అనే 'డీ' సిలిండర్‌లో సుమారు 7,000. (ఈ 'బీ', 'డీ' సిలిండర్ సైజుల పేర్లు, పైన చెప్పిన బండి తరగతులు కావు.) మనిషికి నిమిషానికి 5 లీటర్లు పెడితే 'బీ' సిలిండర్ 5 గంటల్లో అయిపోతుంది, జంబో 23 గంటలు వస్తుంది. నిమిషానికి 10 అయితే అందులో సగం. కాశీ నుంచి హన్మకొండకు 24 గంటలు, నిమిషానికి 5 లీటర్లు అంటే 7,200 లీటర్లు. ఒక్క జంబో చివర్లో చాలదు, దారిలో ట్రాఫిక్ ఆగితే ఇంకా ముందే చాలదు. లెక్కకు మూడో వంతు అదనంగా కలుపుకుని 9,600 లీటర్లు, అంటే ఒక జంబో, రెండు 'బీ' సిలిండర్లు బండిలో ఉండాలి. "ఆక్సిజన్ ఉందండీ" అన్న మాట సరిపోదు. ఎన్ని సిలిండర్లు, మీటరు ముల్లు నిండుగా చూపిస్తోందా అని బయల్దేరే ముందు ఎవరో ఒకరు కళ్లతో చూడాలి.

ఇదంతా చెప్పాను గానీ, నా అభిప్రాయం స్పష్టంగా రాస్తున్నాను: మీ బాపుకు గుండెనొప్పి వస్తే అంబులెన్సులో ఇంటికి తేవడం మీ మొదటి ఆలోచన కాకూడదు. మన ఊరి డాక్టరు, మన వాళ్లు అనే ధైర్యం అర్థమవుతుంది. కానీ గుండెపోటు వచ్చిన తొలి రోజుల్లో గుండె కొట్టుకునే తీరు ఒక్కసారిగా చెడిపోయే ప్రమాదం ఎక్కువ. జబల్‌పూర్ దాటి పెంచ్ అడవి దారిలో ఉండగా అది జరిగితే బండిలో ఉన్న టెక్నీషియన్ ఒక్కడే దిక్కు. అక్కడే ఆస్పత్రిలో ఉంచి వైద్యం చేయించడానికి మీ 5 లక్షల పాలసీ పనికొస్తుంది, తెచ్చుకోవడానికి పనికిరాదు. కాబట్టి ఆ పరిస్థితిలో కదలాల్సింది మీ బాపు కాదు, మీరు. హైదరాబాద్ నుంచి కాశీకి విమానం రెండు గంటలు. ఆ టికెట్‌కూ అక్కడ వారం రోజులు ఉండటానికీ అయ్యే ఖర్చు అంబులెన్స్ ఖర్చులో చిన్న భాగం. యాత్రకు ముందే 30,000 రూపాయలు విడిగా తీసి పెట్టుకోండి, ఇందుకే.

కోలుకున్నాక తీసుకురావడానికి మార్గాలున్నాయి. కూర్చోగలిగి, ఆక్సిజన్ అక్కర్లేని మనిషికి విమానంలో వీల్‌చైర్ చాలు. గుండెపోటు తర్వాత ఎన్ని రోజులకు ఎక్కవచ్చో వైద్యం చేసిన డాక్టరే చెప్పాలి; "ఫిట్ టు ఫ్లై" అని రాయించుకోవాలి. ఆక్సిజన్ కావాలంటే విమాన సంస్థ మెడిఫ్ అనే ఫారం నింపమంటుంది, అది డాక్టరు నింపి సంతకం చేయాలి, ప్రయాణానికి కొన్ని రోజుల ముందే పంపాలి. మీ సొంత సిలిండర్‌ను లోపలికి రానివ్వరు, గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే, బ్యాటరీ మీద నడిచే పోర్టబుల్ కాన్సంట్రేటర్‌కు అనుమతి అడగాలి. పడుకుని రావాల్సిన మనిషికి కొన్ని సంస్థలు సీట్లు తీసేసి స్ట్రెచర్ అమరుస్తాయి, ఆ సీట్లన్నిటి డబ్బూ కట్టాలి. అయినా ప్రత్యేక ఎయిర్ అంబులెన్స్‌తో పోలిస్తే చాలా తక్కువ. రైలు మంచిదే, ఏసీ కింది బెర్తు దొరికి, ఆక్సిజన్ అవసరం లేకపోతేనే.

మీ 45 పైసల రైలు ఇన్సూరెన్స్ గురించి రెండు మాటలు. అది రైలు ప్రమాదానికి, రైల్లోంచి జారిపడటం, దాడి లాంటి ఘటనలకు మాత్రమే. మరణిస్తే 10 లక్షలు, ఆస్పత్రి ఖర్చు 2 లక్షల వరకు, భౌతికకాయం తరలింపుకు 10,000. రైల్లో గుండెనొప్పి వస్తే అందులో ఏమీ రాదు. తీసుకున్నది మంచిదే, నామినీ వివరాలు నింపారో లేదో చూసుకోండి. టికెట్ కొన్నాక వచ్చే లింకులో అది నింపకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

అదనంగా ఏమైనా తీసుకోవాలా అన్నారు. దేశం లోపలి ప్రయాణాలకు ట్రావెల్ పాలసీలు ఉన్నాయి, వాటిలో కొన్నింటిలో రోగిని సొంత ఊరికి తరలించే ఖర్చు ఉంటుంది. మీకు అవసరమైనది అదే. కానీ కొనే ముందు రెండు చోట్ల చూడండి: వయసు పరిమితి, ముందు నుంచీ ఉన్న జబ్బులు. స్టెంట్ ఉన్న 72 ఏళ్ల మనిషికి గుండె సంబంధమైనదేదీ వర్తించదని రాసి ఉంటే ఆ పాలసీ మీ అసలు భయానికి పనికిరాదు, జారిపడి ఎముక విరిగితే పనికొస్తుంది. అది తెలిసి కొంటే తప్పులేదు.

దానికంటే ముందు చేయాల్సింది ఇంకొకటి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షల వైద్యం. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్‌తో చేసుకోవచ్చు. పథకంలో చేరిన ఆస్పత్రి దేశంలో ఎక్కడున్నా పనిచేస్తుంది. మీ బాపుకు వెంటనే చేయించండి. అమ్మకు వయసు చాలదు. మీ ఇంట్లో ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అది కాశీలో చెల్లుతుందని అనుకోకండి. ఆయుష్మాన్ జాబితాలో కూడా ఉన్న కుటుంబమా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి కనుక్కోండి.

ఒకవేళ రోడ్డు ప్రమాదమైతే లెక్క వేరు. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద, రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి నిర్ణీత ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు 1.5 లక్షల దాకా నగదు లేకుండా వైద్యం చేయాలి. ఏ రాష్ట్రం వాళ్లయినా సరే. 112కు ఫోన్ చేస్తే మొదలవుతుంది.

పాలసీ వాడాల్సి వస్తే, కంపెనీ నెట్‌వర్క్‌లో (ఒప్పందం ఉన్న ఆస్పత్రుల జాబితాలో) లేని ఆస్పత్రిలో కూడా క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే పద్ధతి, అడగవచ్చు. అత్యవసరమైతే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి చెప్పాలి. ఆ ఫోన్ మీరు హన్మకొండ నుంచే చేయవచ్చు, 108లా కాదు. క్యాష్‌లెస్ అనుమతి మీద గంటలో, డిశ్చార్జి అప్పుడు మూడు గంటల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధన పెట్టింది. అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, రుసుము లేదు, లాయరు అక్కర్లేదు.

ఒక ప్లాస్టిక్ కవర్‌లో మీ బాపు స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జి సమ్మరీ, ఇటీవలి ఈసీజీ, మందుల చీటీ, పాలసీ కార్డు, ఆధార్ జిరాక్స్‌లు పెట్టండి. పాత ఈసీజీని తేలిగ్గా తీసుకోకండి: కొత్త ఈసీజీలో కనిపించే మార్పు పాతదా కొత్తదా అన్నది తేల్చడానికి అక్కడి డాక్టరుకు అదే ఆధారం. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ పేర్లు పెద్ద అక్షరాలతో రాయండి, జారిపడినా వాటి గురించి ముందు చెప్పాలి. అదే కవర్ ఇంకొకటి మీ అమ్మ సంచిలో. రెండు కవర్ల పైనా మీ ఫోన్ నంబరు హిందీలో రాయించండి.

ఈ వారంలోనే కంపెనీకి ఈమెయిల్ పంపి మూడు ప్రశ్నలు అడగండి. ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి మార్చితే 2,000 మళ్లీ వస్తుందా? కాశీలో, గయలో మీ నెట్‌వర్క్ ఆస్పత్రులు ఏవి, వాటిలో క్యాత్ ల్యాబ్ ఉన్నవి ఏవి? స్టెంట్‌కు సంబంధించిన వెయిటింగ్ పీరియడ్ (ముందు నుంచీ ఉన్న జబ్బుకు కంపెనీ డబ్బు ఇవ్వని తొలి గడువు) పూర్తయిందా? మూడోది ముఖ్యం, స్టెంట్ పడి మూడేళ్లే అయింది కనుక, పాలసీ దానికి ముందుదా తర్వాతదా అన్నది మీ ఉత్తరంలో లేదు. ఫోన్‌లో చెప్పిన జవాబు వద్దు, ఈమెయిల్‌లోనే రావాలి, దాని ప్రింటు కూడా ఆ కవర్‌లోకే.